ఓక్ దుంగలపై షిటాకే సాగు: పంటకు మూలం అడవే

పుట్టపై మొలుస్తుంది కనుక తెలుగువారు ‘పుట్టగొడుగు’ అన్నారు. జపనీయులు ‘షీ’ అనే చెట్టు మానుపై మొలిచే రకాన్ని ఆ చెట్టు పేరుతోనే ‘షిటాకే’ అని పిలిచారు. ఆహారంగానూ, ఔషధ గుణాలకూ పేరొందిన ఈ పుట్టగొడుగును అక్కడ నేటికీ దుంగలపై పెంచుతున్నారు.

సాగు విధానం

ఆకు రాలే కాలంలో ఓక్ జాతి చెట్లను నరికి, సుమారు మీటరు పొడవు, 10–15 సెంటీమీటర్ల మందం గల దుంగలుగా కోస్తారు. బెరడు ఊడితే తేమ ఆరిపోయి ఇతర శిలీంధ్రాలు చొరబడతాయి కనుక దానిని జాగ్రత్తగా కాపాడతారు. దుంగలకు వరుసగా రంధ్రాలు చేసి, శిలీంధ్రం అల్లుకున్న చిన్న కొయ్యమేకులను దిగగొట్టి, మైనంతో మూస్తారు. ఈ మేకుల పద్ధతిని 1940వ దశకంలో మోరి కిసాకు అభివృద్ధి చేశారు. అంతకుముందు రైతులు దుంగలకు గాట్లు పెట్టి, గాలిలో వచ్చే బీజాల కోసం ఎదురుచూసేవారు.

నీడలో పేర్చిన దుంగలో శిలీంధ్రం పూర్తిగా విస్తరించడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఆ తర్వాత వాన తడిసినా, ఒక రోజు చన్నీటిలో నానబెట్టినా బెరడును చీల్చుకొని పుట్టగొడుగులు వస్తాయి. ఒక దుంగ కొన్నేళ్లపాటు దిగుబడినిస్తుంది.

మోడు నుంచి మళ్లీ అడవి

ఓయిటా ప్రాంతంలోని కునిసాకి ద్వీపకల్పంలో కునుగి అనే ఓక్‌ను నరికిన తర్వాత మోడును వదిలేస్తారు. అది చిగురించి సుమారు 15 ఏళ్లలో మళ్లీ కోతకు వస్తుంది. ఈ వ్యవస్థను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఔషధ విలువ

షిటాకే నుంచి లెంటినాన్ అనే పదార్థాన్ని గోరో చిహారా బృందం 1969లో వేరుచేసింది. జఠర క్యాన్సర్ చికిత్సలో ఇతర మందులకు తోడుగా ఇచ్చేందుకు జపాన్ 1985లో దానిని అనుమతించింది. అయితే అది శుద్ధిచేసి సూదిమందుగా ఇచ్చే పదార్థం. పుట్టగొడుగును కూరగా తిన్నంత మాత్రాన ఆ ఫలితాన్ని ఆశించరాదు. సరిగా ఉడకని షిటాకే కొందరిలో చర్మంపై దురదతో కూడిన చారలను కలిగిస్తుంది.

భారత్‌లో

షిటాకేకు చల్లదనం అవసరం. హిమాలయ ప్రాంతాల వాతావరణం అనువైనదే అయినా, అక్కడి ఓక్ అడవులు పశుగ్రాసానికి, వంటచెరకుకు, నీటి ఊటలకు ఆధారం. నరికిన చెట్టు తిరిగి పెరిగే ఏర్పాటు లేనిదే దుంగల సాగు నిలకడగా సాగదు. రంపపుపొట్టు నింపిన సంచులు ఇందుకు ప్రత్యామ్నాయం. వాటిలో కొన్ని నెలలకే పంట చేతికి వస్తుంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో ఉన్న పుట్టగొడుగుల పరిశోధన డైరెక్టరేట్ ఈ పద్ధతిపై పరిశోధనలు చేసింది.