వివేకం – వివక్ష

ఆంగ్లంలో 'డిస్క్రిమినేషన్' అన్న ఒక్క పదం వ్యక్తంచేసే అర్థాలకు తెలుగులో రెండు పదాలున్నాయి: వివేకం, వివక్ష. మొదటిది 'విచ్' ధాతుజన్యం. వేరుచేసి గ్రహించడమని అర్థం. వేదాంతంలోని సాధనచతుష్టయంలో నిత్యానిత్యవస్తువివేకమే ప్రథమం. రెండవదానికి మూలం 'వచ్' ధాతువు. సంస్కృతంలో పలుకవలెనన్న ఇచ్ఛయే వివక్ష. వక్త ఉద్దేశించిన అర్థమే వివక్షితార్థం. అట్టి పదం నేటి తెలుగులో మనుష్యుల నడుమ అన్యాయమైన భేదదృష్టికి వాచకమైంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పిన మెకానిక్ అరిగిన భాగాన్ని, పనికివచ్చే భాగాన్ని వేరుచేస్తాడు. అది లౌకికవివేకం. ఆ విభజననే మనిషి జన్మకు అన్వయిస్తే వివక్ష అవుతుంది.

ఈ నగరచరిత్రలోనే అందుకు నిదర్శనం ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సమావేశమైన పంచమ మహాసభ, ఆ 'పంచమ' నామాన్ని త్యజించి 'ఆది ఆంధ్ర' నామాన్ని స్వీకరించింది. తాము ఐదవవారు కారని, ఈ నేలకు ఆదివాసులమని చాటింది. నాడు అనేక ఆలయాలలో వారికి ప్రవేశం లేదు. 1947 నాటి మద్రాసు ఆలయప్రవేశ చట్టం ఆ హక్కును శాసనబద్ధం చేసింది.

అయితే ఆ ప్రశ్న చట్టంకంటె ప్రాచీనం. కాశీలో తనను తొలగిపొమ్మన్న శంకరభగవత్పాదులను చండాలుడు ప్రశ్నించినట్లు సంప్రదాయగాథ: తొలగవలసినది దేహమా, ఆత్మయా? దేహాలన్నీ అన్నమయాలే, ఆత్మ ఒక్కటే. ఆచార్యులు ఆ పలికినవానిలో గురువును దర్శించారు.

దేహంనుండి ఆత్మను వేరుచేసి చూచేది వివేకం. మనిషినుండి మనిషిని వేరుచేసే బుద్ధి ఎన్ని శాస్త్రాలు చదివినా సాధనలో తొలిమెట్టు ఎక్కనట్లే.