ఎఱ్ఱసముద్ర తీరమున నెపోలియను నీడ



నెపోలియను పేరు వినగానే ఐరోపా ఖండపు యుద్ధభూములును, రష్యా మంచులో నశించిన సేనలును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ చక్రవర్తి రాజ్యకాంక్ష అరేబియా తీరమును, మన పూర్వుల తెలుగు దేశమును, మనము నివసించు ఈ మారిషస్ ద్వీపమును ఒక్క త్రాట ముడివేసినదని ఎఱిగినవారు కొలదిమంది. నేడు సౌదీ అరేబియా అని పిలువబడు దేశములోని జిద్దా, మక్కా, దిరియా పట్టణముల చరిత్ర ఆ ముడిని విప్పి చూపును. కావున దానిని సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

పదునెనిమిదవ శతాబ్దాంతమున ఎఱ్ఱసముద్రపు తూర్పు తీరమైన హిజాజు దేశము పేరునకు తురుష్క సుల్తానుది. నిజమైన పాలన మక్కా షరీఫుది. 1788 నుండి షరీఫు ఘాలిబు అచట అధికారము వహించెను. ఆయన బొక్కసమునకు ఆధారము జిద్దా రేవు సుంకము. యెమెను దేశపు కాఫీయు, హిందూదేశపు సరకులును ఆ రేవు మీదుగనే ఈజిప్టులోని సూయజుకు పోవుచుండెను. మక్కా మదీనాల ప్రజలు తినెడి ధాన్యములో పెద్దభాగము ఈజిప్టునుండి రావలసినదే. ఇట్లు ఒక వంక కాఫీ పోవలెను, మఱియొక వంక గోధుమ రావలెను. ఈ రెండింటిలో ఏది ఆగినను హిజాజునకు కష్టమే.

ఎడారి లోపలి నజ్దు ప్రాంతమున దిరియా రాజధానిగా సౌదు వంశీయులు బలపడుచుండిరి. 1744 ప్రాంతమున ముహమ్మదు ఇబ్ను సౌదు అను నాయకుడు, ముహమ్మదు ఇబ్ను అబ్దుల్ వహ్హాబు అను మతసంస్కర్తతో ఒడంబడిక చేసికొనెను. నాటినుండి వారి రాజ్యము విస్తరించుచు హిజాజు పొలిమేరలకు వచ్చెను. షరీఫునకు అనుదినమును వెఱపు గొలిపినది ఈ పొరుగువారి బలమే.

1798వ సంవత్సరమున ఈ రంగస్థలము మీదికి ఐరోపావారు దిగిరి. అప్పుడు మన ద్వీపము ఫ్రెంచివారి ఏలుబడిలో నుండి ఇల్ ద ఫ్రాన్స్ అను పేరు కలిగియుండెను. మైసూరు టిప్పూ సుల్తాను దూతలు ఇచటికి వచ్చి ఆంగ్లేయులపై యుద్ధమునకు సహాయము కోరిరి. గవర్నరు మలార్తిక్ రహస్యము పాటింపక, జనవరి 30వ తేదీన బహిరంగ ప్రకటన గావించి, స్వచ్ఛంద భటులను పిలిచెను. దొరకినవారు సుమారు వందమంది మాత్రమే. కాని ఆ ప్రకటన కలకత్తా చేరి, వెల్లస్లీ ప్రభువునకు టిప్పూపై దండెత్తుటకు కావలసిన నెపము నిచ్చెను. చేతికి అందిన సాయము పిడికెడు, నెత్తిపై బడిన ఆపద కొండంత!

ఆ జూలై మాసమున నెపోలియను ఈజిప్టులో దిగెను. నాటికి ఆయన చక్రవర్తి కాడు, ఇరువదియెనిమిదేండ్ల సేనాని. చక్రవర్తి కిరీటము 1804లో గాని తలకెక్కలేదు. హిందూదేశమునకు పోవు ఆంగ్లేయుల మార్గమునకు అడ్డుపడవలెనని ఆయన తలంపు. ఆగస్టు 1వ తేదీన ఆంగ్ల నౌకాధిపతి నెల్సను నైలు ముఖమున ఫ్రెంచి నౌకలను ధ్వంసము చేసినను, నెపోలియను వెనుదీయక డిసెంబరులో సూయజుకు పోయి సముద్రమును చూచి వచ్చెను. 1799 జనవరి 25న కైరోనుండి టిప్పూకు జాబు వ్రాసి, తాను ఎఱ్ఱసముద్ర తీరమునకు మహాసేనతో వచ్చితినని తెలిపెను. ఆ జాబును మక్కా షరీఫు ద్వారా పంపదలచెను. అది గమ్యము చేరకమునుపే ఆంగ్లేయుల చేత బడెను. ఆ మే నెల 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలి టిప్పూ మరణించెను.

షరీఫు ఘాలిబు స్థితిని ఆలోచింపుడు. ఫ్రెంచివారితో పగ పూనినచో ధాన్యమును కాఫీ వర్తకమును చెడును. స్నేహించినచో సుల్తానుకు కోపము, ఆంగ్లేయ నౌకల వలన జిద్దాకు ముప్పు. అందుచే ఆయన నెపోలియనుతో మర్యాదగా ఉత్తర ప్రత్యుత్తరములు నడిపెను. నెపోలియనును యాత్రికులను కాపాడెదనని మాట యిచ్చెను. అయినను హిజాజునుండి అనేకులు సముద్రము దాటి ఎగువ ఈజిప్టులో ఫ్రెంచివారితో పోరాడి ప్రాణములు విడిచిరి.

1801లో హిందూదేశమునుండి ఆంగ్లేయులు ఒక సేనను ఎఱ్ఱసముద్రము మీదుగా పంపిరి. దాని నాయకుడు డేవిడ్ బెయిర్డ్. శ్రీరంగపట్టణపు కోట నెక్కిన దళములను నడిపినవాడు ఆయనయే. ఆ సేనలో తెల్ల సోల్జర్లతో పాటు బొంబాయి సిపాయిలును, మద్రాసు సైన్యపు వారును ఉండిరి. ఓడలు జిద్దా తాకి, ఎదుటి తీరమున కుసైరు చేరెను. అచటినుండి నైలు నది వఱకు సుమారు 120 మైళ్ళ ఎడారిని, తోలు తిత్తులలో నీరు మోయించుకొనుచు, మండువేసవిలో దాటిరి. వారు కైరో చేరుసరికి ఫ్రెంచివారు ఆ నగరమును అప్పగించియే యుండిరి. ఉత్తర హిందూదేశమున సిపాయిని ‘తిలంగా’ యనుట వాడుక. మన వారి పేరు ఆ కాలమున కూలికి యుద్ధము చేయువానికే పేరైనది!

ఫ్రెంచివారు పోయిన పిదప అరేబియాకు శాంతి కలిగెనా? కలుగలేదు. 1803లో సౌదు సేనలు మక్కా ప్రవేశించెను. కొలది యేండ్లలో మక్కా మదీనాలు రెండును వారికి లోబడెను. ఈజిప్టులో పాత ప్రభువుల బలము ఫ్రెంచి దండయాత్రచే సన్నగిల్లగా, ఫ్రెంచివారిని తఱుముటకు వచ్చిన తురుష్కసేనలోని ముహమ్మదు అలీ 1805లో అచట పాలకుడయ్యెను. సుల్తాను ఆనతిపై ఆయన 1811లో అరేబియాకు సేనను పంపెను. 1813 నాటికి మక్కా ఆయన వశమైనది. ఆ సంవత్సరముననే, ఫ్రెంచివారిని ఆంగ్లేయులను నేర్పుతో తప్పించుకొన్న ఘాలిబును ఆయన పదవినుండి తొలగించి ప్రవాసమునకు పంపెను. దూరపు శత్రువు చేయజాలని పనిని సహాయమునకు వచ్చినవాడు చేసెను.

1818లో ముహమ్మదు అలీ కుమారుడు ఇబ్రాహీము పాషా ఏప్రిలునుండి సెప్టెంబరు వఱకు దిరియాను ముట్టడించెను. అబ్దుల్లా ఇబ్ను సౌదు లొంగిపోయెను. ఆయనను ఇస్తాంబులుకు కొనిపోయి శిరచ్ఛేదము గావించిరి. దిరియాను నేలమట్టము చేసిరి. 1819లో బొంబాయినుండి వచ్చిన కెప్టెను శాడ్లియర్ ఇబ్రాహీమును అభినందింప తలపెట్టి, అరేబియాను తూర్పునుండి పడమటికి దాటుచు ఆ శిథిలములను కన్నులార చూచెను. అయిదేండ్లు గడచిన పిదప తుర్కీ అను సౌదు వంశీయుడు రియాదును గెలిచి రాజ్యమును పునఃస్థాపించెను. నేటి సౌదీ అరేబియా రాజ్యము 1932లో ఏర్పడినది. దిరియాలోని తురైఫు పేట శిథిలములు 2010లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

ఇక మన ద్వీపము మాట. హిందూ మహాసముద్రమున ఆంగ్ల నౌకలను దోచు ఫ్రెంచి ఓడలకు ఇది గూడు. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్టు వద్ద ఫ్రెంచివారు గెలిచినను, డిసెంబరు 3న ద్వీపమును అప్పగింపక తప్పలేదు. జయించిన సేనలో మద్రాసు సిపాయిలును ఉండిరి. 1814 పారిస్ సంధిలో బూర్బను ద్వీపము ఫ్రెంచివారికి మరల దక్కెను, మన ద్వీపము ఆంగ్లేయులకే మిగిలెను. కోరంగి రేవును, ఇచటి చెఱకు తోటలును ఒకే ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1835లో బానిసత్వము రద్దయ్యెను. తోటలకు పనివారు కావలసి వచ్చిరి. అట్లు మన తాతముత్తాతలు ఒడంబడిక కూలీలై ఓడ నెక్కిరి.

ఆబోతులు పోట్లాడుకొనగా లేగల కాళ్ళు విరిగినట్లు, దొరల పోరులో దిరియా వాకిళ్ళును, సిపాయిల బ్రతుకులును, మన వారి ఊళ్ళును చెదరిపోయెను. మన పిల్లలు పాఠశాలలో నెపోలియను విజయముల తేదీలను వల్లించుట మంచిదే. ఆ తేదీల ప్రక్కన తోలుతిత్తితో ఎడారి నడచిన పేరులేని సిపాయిని, కోరంగిలో ఓడ నెక్కిన మన ముత్తవ్వను కూడ నిలిపి చూచిననాడే వారికి చరిత్ర పూర్తిగా తెలియును. ఆ మాట చెప్పవలసినవారు ఇంటి పెద్దలే.