వెనిస్ మాస్కులు

ఇటలీలోని వెనిస్ నగరంలో కార్నివాల్ రోజుల్లో ధరించే ముఖతొడుగులను వెనిస్ మాస్కులు అంటారు. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస దీక్ష ఆరంభమయ్యే దాకా జరిగే వేడుక కార్నివాల్. 1797 దాకా స్వతంత్ర గణతంత్రంగా నిలిచిన వెనిస్, మాస్కులను ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ధరించాలో చట్టాలతో నిర్దేశించింది. వంశాన్ని బట్టి అధికారం దక్కే ఆ సమాజంలో అందరూ కొంతసేపైనా ఒకే మర్యాదతో మసలే వీలు ఈ మాస్కుల వల్లే కలిగింది.

చరిత్ర

వెనిస్ మాస్కులను ప్రస్తావించిన తొలి పత్రాల్లో 1268 నాటి శాసనం ఒకటి. మాస్కులు ధరించి గుడ్లు విసిరే ఆటను అది నిషేధించింది. 1436లో మాస్కులు తయారుచేసే పనివారికి సొంత నియమావళి ఏర్పడింది. వీరు చిత్రకారుల వృత్తిసంఘంలో భాగంగా ఉండేవారు. మాస్కు చాటున ఆయుధాలు పట్టుకు తిరగడం, కన్యాస్త్రీల మఠాల్లోకి చొరబడడం వంటి పనులను అరికట్టడానికి ప్రభుత్వం పలుమార్లు ఆజ్ఞలు జారీచేసింది.

1638లో ప్రభుత్వ అనుమతితో రిదోత్తో అనే జూదశాల వెలిసింది. అక్కడ ఆడవచ్చినవారు మాస్కు ధరించి తీరాలి. దానిని 1774లో మూసివేశారు. 18వ శతాబ్దంలో మాస్కుల కాలం అక్టోబరులోనే మొదలై, క్రిస్మస్ విరామం పోను ఉపవాస దీక్ష దాకా కొనసాగేది.

ప్రధాన రకాలు

బౌతా: తెల్లటి మాస్కు, నల్లటి తలముసుగు, మూడు కోణాల టోపీ, పొడవాటి అంగీ కలిసిన వేషం. మాస్కు కింది భాగం ముందుకు పొడుచుకు వచ్చి ఉండడంతో దాన్ని తీయకుండానే తినవచ్చు, తాగవచ్చు. గొంతు కూడా మారి వినిపిస్తుంది.

మొరెత్తా: స్త్రీలు ధరించిన గుండ్రటి నల్ల మఖమల్ మాస్కు. దీనికి తాళ్లుండవు. లోపలి బొత్తాన్ని పళ్లతో పట్టుకోవాలి కనుక ధరించినంతసేపూ మాట్లాడడం కుదరదు. 1751లో వెనిస్‌కు తెచ్చిన ఖడ్గమృగాన్ని చూపుతూ పియెత్రో లోంగి గీసిన చిత్రంలో మొరెత్తా ధరించిన స్త్రీ కనిపిస్తుంది.

ప్లేగు వైద్యుడు: పొడవాటి ముక్కు గల మాస్కు. 17వ శతాబ్దపు వైద్యులు చెడుగాలి వల్ల ప్లేగు సోకుతుందని నమ్మి, అలాంటి ముక్కులో సుగంధద్రవ్యాలు నింపుకునేవారు. ఆ రూపమే తరవాత కార్నివాల్ వేషమైంది.

నాటక మాస్కులు: కొమ్మేదియా దెల్లార్తె అనే హాస్యనాటక సంప్రదాయంలోని సేవకుడు ఆర్లెక్కీనో, లోభి వర్తకుడు పంతలోనె వంటి పాత్రలవి. రంగస్థలంపై వాడే ఈ మాస్కులను తోలుతో చేసేవారు.

తయారీ

మట్టితో రూపం మలిచి, దానిపై ప్లాస్టరు పోసి అచ్చు తీస్తారు. జిగురులో నానిన కాగితాన్ని అచ్చులో పొరలుపొరలుగా అద్ది ఆరబెడతారు. తరవాత కళ్లకు రంధ్రాలు కోసి, తెల్లపూత వేసి, రంగులు, బంగారు రేకు అద్దుతారు.

ప్రతీకార్థం

బౌతా వేషాన్ని స్త్రీపురుషులిద్దరూ ధరించేవారు. అందులో ఉన్నది ప్రభువైనా వర్తకుడైనా ఎదుటివారు ‘సియోర్ మాస్కెరా’ (మాస్కు అయ్యగారూ) అని ఒకేలా పలకరించేవారు. పేరు, హోదా పక్కకు జరిగి, మనిషి మిగిలిన ఆ పలకరింపులోనే బౌతా సారమంతా ఉంది. అయితే ఈ సమానత్వం మాస్కు ముఖంపై ఉన్నంతవరకే. పాలనాధికారం మాత్రం ప్రభువుల చేతుల్లోనే ఉండేది. మొరెత్తా మౌనానికి రెండు అర్థాలు చెప్పవచ్చు: స్త్రీ నోరు కట్టివేయడం ఒకటి, ఎవరితో ఎప్పుడు మాట్లాడాలో ఆమే నిర్ణయించుకోవడం మరొకటి.

క్షీణత, పునరుద్ధరణ

1797లో నెపోలియన్ సేనలకు లొంగి గణతంత్రం అంతరించాక కార్నివాల్ క్షీణించింది. 1979–80 ప్రాంతంలో నగరవాసులు, కళాకారులు, స్థానిక సంస్థలు దాన్ని మళ్లీ పెద్దఎత్తున నిలబెట్టాక మాస్కుల తయారీ తిరిగి జీవనాధారమైంది. అంగళ్లలో చౌకగా దొరికే ప్లాస్టిక్ మాస్కుల పోటీని తట్టుకుంటూ, కాగితపు మాస్కులను చేత్తో చేసే పనిశాలలు నేటికీ ఆ విద్యను కొనసాగిస్తున్నాయి.