ఎల్లారెడ్డి జమ్ములలో ఎఱ్ఱ జీనువాయి

వానకారు చివర కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి మీదుగా పోచారము చెరువునకు తెల్లవారకమునుపే బయలుదేరు పక్షివీక్షకులు గోరునది పెద్దకొంగయు గాదు, నెమలియు గాదు. పిచ్చుకకంటె చిన్నదై, హైదరాబాదు పంజరముల వాడుకలో లాల్ మునియా యనిపించుకొను ఎఱ్ఱ జీనువాయి. ఎండకారున బూడిదవన్నె గప్పుకొని దాగు మగపిట్ట గూళ్లకాలమున మాత్రమే నెత్తుటివన్నె మేన తెల్లని చుక్కలు దాల్చి జమ్ముకొసల నాడును.

ఈ జమ్మునకు తావిచ్చిన నీరు మనుష్యనిర్మితము. ఆలేరు వాగునకు అడ్డుకట్టగా పోచారము చెరువు 1922 నాటికి పూర్తియై ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలములను తడుప నారంభించెను. మంజీరపై నవాబు అలీ నవాజ్ జంగ్ నిర్వహణమున 1923లో ఆరంభమైన నిజాంసాగరము 1931లో ముగిసెను. వరికై కట్టిన ఈ జలాశయముల అంచులందు తుంగయు జమ్మును మొలచుట ఇంజనీర్ల లెక్కకు రాని లాభము!

నిజాంసాగరము పూర్తియైన యేటనే పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ, జీతము గోరక ఖర్చులు మాత్రము నిజాము ప్రభుత్వము భరింపగా, భార్య తెహ్మీనాతో గూడి హైదరాబాదు సంస్థానపు పక్షిపరిశీలనమునకు పూనుకొనెను. దాని ఫలితములు తోడి పక్షిశాస్త్రజ్ఞుడు హ్యూ విస్లర్ టిప్పణులతో 1933-34లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికయందు వెలువడినవి. పిట్టను నిశ్చయముగా నెఱుగుటకు దానిని కాల్చి చర్మము భద్రపఱచుటయే నాటి శాస్త్రమర్యాద; నేటి దుర్బీను ప్రియులు దీనిని విని నొచ్చుకొనుట సహజమే గాని, వారి చేతిలోని పుస్తకములు ఆ చర్మములమీదనే నిలిచినవి.

పోచారపు టడవి నిజాము వేటభూమి. 1952లో అది అభయారణ్యమయ్యెను. వేటగాండ్ర గుండునకు తగనంత చిన్నదగుటచే తుపాకి దప్పించుకొన్న మునియాకు వల మాత్రము తప్పలేదు. పదునేడవ శతాబ్దమునాడే అహమ్మదాబాదు నుండి సూరతునకు పంజరములకొలది చేరుచుండిన ఈ పిట్ట, దాని వన్నెవలనను, ముచ్చటైన కూతవలనను, మొన్నమొన్నటి దాక చార్మినారు చేరువ మురిగీచౌకునందును సరకై యుండెను. 1972 నాటి వన్యప్రాణి చట్టమును, 1990-91లో అడవిపిట్టల వర్తకముపై వచ్చిన నిషేధమును దానిని కాగితముపై విడిపించినవి. అయినను దేశపు సంతలలో సాధారణ మునియాలకు రంగులద్ది అరుదైన పిట్టలని యమ్ముట నేటికిని మానలేదు.