ఇంటి కింద ఏ సర్వే ఉంది?

ఇల్లు కొనేవాళ్ళు ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఈసీ తీయిస్తారు, లాయరు చేత ఒపీనియన్ రాయిస్తారు. ఇంతా చేసి, నేల కొలిపించకుండానే బయానా ఇచ్చేస్తారు. దస్తావేజులో సర్వే నంబరు ఉంది, గజాలు ఉన్నాయి, ఇంకేం కావాలన్నది వాళ్ళ ధైర్యం. రిజిస్ట్రారు ఆఫీసు కాగితాన్ని నమోదు చేస్తుందే తప్ప నేల మీదికి వచ్చి టేపు పట్టదు. ఆ నంబరు ఏ కాలంలో, ఏ గొలుసుతో, ఎందుకోసం పుట్టిందో తెలిస్తే, మనం ఏ కొలత చేయించుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

కథ గొలుసుతోనే మొదలుపెట్టాలి. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే గణితవేత్త 66 అడుగుల గొలుసు తయారుచేశాడు. దానికి 100 లింకులు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మద్రాసు ప్రెసిడెన్సీ ఈ లెక్క పట్టుకుంది. బొంబాయి వాళ్ళు అందులో సగం, అంటే 33 అడుగుల గొలుసు వాడి, దాన్ని 16 అణాలుగా విభజించుకున్నారు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉన్న చదరం ఒక గుంట, నలభై గుంటలు ఎకరం. నిజాం రాజ్యంలో సర్వే బొంబాయి పద్ధతిలో సాగింది కాబట్టి తెలంగాణకు గుంటలు వచ్చాయి. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. అయిదు సెంట్లన్నా రెండు గుంటలన్నా అదే 242 గజాలు.

1800లో నిజాం రాయలసీమ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. ఈ దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో పొలం పొలానా కొలతలు మొదలుపెట్టించాడు. మధ్యలో జమీందారు లేకుండా ఏ రైతు ఎంత శిస్తు కట్టాలో తేల్చడం ఆయన పని. ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి: మన సర్వేలు పుట్టింది శిస్తు కోసం, హక్కు నిర్ధారించడానికి కాదు. సర్వే నంబరు ఉన్నంత మాత్రాన అమ్మేవాడిదే ఆ భూమి అని తేలిపోదు. 1858 నుంచి మద్రాసు ప్రభుత్వం రెవెన్యూ సర్వేను శాస్త్రీయంగా నడిపింది. ఉత్తరకోస్తాలోని జమీందారీలలో మాత్రం చాలాచోట్ల సర్వే, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకగానీ పూర్తికాలేదు.

ఆ సర్వేల్లో నాకు ఎంతో గౌరవం ఉన్నది ఎఫ్‌ఎంబీ, అంటే క్షేత్ర కొలతల పుస్తకం. ఒక్కో సర్వే నంబరుకు అందులో ఒక పటం. పొలానికి అడ్డంగా ఒక రాయి నుంచి మరో రాయికి ఒక గీత. ఆ గీత వెంట 240 లింకులు నడిచి, లంబంగా కుడివైపు 35 లింకులు వెళితే మూల అని అంకెల్లో రాసి ఉంటుంది. అంటే 158.4 అడుగులు వెళ్ళి, 23.1 అడుగులు పక్కకు. గట్టు చెరిగిపోయినా, రాయి పీకేసినా, మిగిలిన రాళ్ళ నుంచి ఆ మూలను మళ్ళీ అక్కడే నిలబెట్టొచ్చు. తెలంగాణలో ఇదే పని టిప్పన్ చేస్తుంది, విస్తీర్ణాల మూల రికార్డు శేత్వార్. ఆంధ్రలో ఆ రెండో స్థానం రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అనే ఆర్‌ఎస్‌ఆర్‌ది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని చాలామంది కొలతల రికార్డు అనుకుంటారు. అది ఎవరి అనుభవంలో ఏ భూమి ఉందో చెప్పేది, హద్దులు చూపేది కాదు.

మరి ఇళ్ళో? ఊరి మధ్య ఇళ్ళున్న జాగాకు శిస్తు లేదు. అందుకే సర్వేవాళ్ళు గ్రామకంఠాన్ని చుట్టూ కొలిచి, లోపలికి పోకుండా వదిలేశారు. తరతరాలుగా ఆ ఇళ్ళకు తూర్పున ఫలానా వారి గోడ, ఉత్తరాన బజారు అన్న చెక్కుబందీయే దిక్కు. గోడ జరిగితే హద్దూ జరుగుతుంది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం ప్రారంభించి, డ్రోన్లతో ఈ ఇళ్ళ జాగాలను పటమెక్కించడం మొదలుపెట్టింది. పట్నం సంగతి వేరు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక, లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరానికి ఇల్లిల్లూ కనిపించేంత వివరంగా పటాలు గీశారు. అవి నేటికీ పరిశోధకులకు ఆధారం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న రీసర్వే మొదలై, డ్రోన్లతో, రోవర్లతో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్శిల్ నంబర్లు వచ్చాయి. పాత రికార్డుకూ కొత్త కొలతకూ విస్తీర్ణంలో తేడాలొచ్చాయని ఫిర్యాదులూ వచ్చాయి. అలాంటి ఊళ్ళో కొనేటప్పుడు పాత నంబరు, కొత్త నంబరు రెండూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

లేఅవుట్‌లో కొనేవాళ్ళు ప్లాటు నాలుగు రాళ్ళ మధ్య టేపు పట్టి సరిపెట్టుకుంటారు. అది చాలదు. లేఅవుట్ మొత్తమే పక్కనున్న ప్రభుత్వ భూమి మీదికో, చెరువు నిండినప్పటి నీటి హద్దయిన ఎఫ్‌టీఎల్‌లోకో జరిగి ఉండొచ్చు. మూల సర్వే నంబరు హద్దు నుంచి కొలుచుకు రావాలి. పెద్ద నంబరులో సబ్‌డివిజన్ కాని ముక్క కొంటుంటే ఇంకా జాగ్రత్త. కాగితం మీద అయిదు సెంట్లు ఉంటాయి, అవి నేల మీద ఎక్కడున్నాయో ఏ పటమూ చెప్పదు. అపార్ట్‌మెంటు కొనేవాళ్ళకూ మినహాయింపు లేదు. వాళ్ళకొచ్చే అవిభాజ్య వాటా ఆ కింది నేల కొలత మీదే ఆధారపడుతుంది. గ్రామకంఠంలో ఇల్లయితే లైసెన్సు ఉన్న సర్వేయరు చేత కొలతల పటం గీయించి, చుట్టుపక్కల వాళ్ళ సంతకాలు తీసుకోండి.

హద్దు మీద ఏ కొంచెం అనుమానం ఉన్నా, అమ్మేవారి చేత ఎఫ్‌-లైన్ దరఖాస్తు పెట్టించండి. సర్వేయరు ఇరుగుపొరుగుకు నోటీసిచ్చి, రికార్డు ప్రకారం కొలిచి హద్దు చూపిస్తాడు. ఆ రోజు మీరు దగ్గరుండండి. బయానా ఆ తర్వాతే ఇవ్వండి.