గోడ అవతలి జనానికి చెప్పాల్సిన మాట

రసాయన ప్రమాదాల నివారణకు భారతదేశంలో ప్రత్యేక నిబంధనలు వచ్చింది భోపాల్ దుర్ఘటన తర్వాతే. అప్పటిదాకా దిక్కుగా ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రధానంగా ప్రహరీ లోపల పనిచేసే కార్మికుడి కోసం రాసినది. విషవాయువు గోడ దాటితే ఊరిని ఎవరు హెచ్చరించాలో, ఎవరు ఖాళీ చేయించాలో అందులో లేదు. ఐరోపా ఈ చిక్కును ముందే ఎదుర్కొంది. 1976 జులై 10న ఇటలీలోని సెవెసో మీదికి డయాక్సిన్ మేఘం వచ్చిపడింది. ఆ అనుభవంతో 1982లో ఐరోపాలో పారిశ్రామిక ప్రమాదాలపై సెవెసో ఆదేశం వెలువడింది.

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో ఒక ట్యాంకు నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ బయటికొచ్చింది. ఊరికి వినిపించాల్సిన సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. ముఖానికి తడిగుడ్డ కప్పుకుంటే కొంతైనా రక్షణ ఉంటుందని పక్క బస్తీల వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పరుగెత్తిన వాళ్లు వాయువును మరింతగా పీల్చారు. ఆసుపత్రులకు చేరినవారికి ఏ మందు ఇవ్వాలో వైద్యులకు తెలియలేదు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 3,787 మరణాలను ధ్రువీకరించింది. అసలు సంఖ్య దానికి ఎన్నో రెట్లని బాధితులు చెబుతూనే ఉన్నారు. ఆ రాత్రి వాయువుతో పాటు సమాచారం దాచడం కూడా ప్రాణాలు తీసింది.

ఏడాది తిరిగేసరికి, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు, ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు ఎంత జాగ్రత్త పడ్డామని చెప్పుకున్నా నష్టానికి పూర్తి బాధ్యత వాళ్లదేనని తీర్పిచ్చింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. మరుసటి ఏడు ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ ప్రమాద సమాచారం తెలపడాన్ని యాజమాన్యం విధిగా చేసింది.

అసలు చట్రం మాత్రం 1989 నవంబర్‌లో వచ్చిన ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలది. ఏ రసాయనం ఎంత నిల్వ ఉంటే ఏ బాధ్యత మొదలవుతుందో వాటి అనుబంధాల్లో ఉంటుంది. మిథైల్ ఐసోసయనేట్‌కు ఆ హద్దు 150 కిలోలు. భోపాల్‌లో లీకైంది టన్నుల్లో. హద్దు దాటిన కర్మాగారం పని మొదలుపెట్టక ముందే అధికారులకు తెలపాలి, సేఫ్టీ రిపోర్టు ఇవ్వాలి. పెద్ద ప్రమాదం జరిగితే 48 గంటల్లో నివేదించాలి. గోడ లోపలి ఆన్‌సైట్ అత్యవసర ప్లాన్ యాజమాన్యం పని. గోడ బయటి ఆఫ్‌సైట్ ప్లాన్ ప్రభుత్వ యంత్రాంగం పని. ప్రమాదం సంభవిస్తే ఏం చేయాలో పరిసర ప్రజలకు ముందే చెప్పి ఉంచాలన్న నిబంధన కూడా ఉంది. అన్నిటికన్నా తక్కువగా అమలైంది బహుశా ఇదే.

1991లో ప్రజా బాధ్యత బీమా చట్టం, 1996లో రసాయన ప్రమాదాల అత్యవసర ప్రణాళిక నిబంధనలు వచ్చాయి. ఈ రెండో దాని ప్రకారం కేంద్రం నుంచి స్థానిక స్థాయి దాకా క్రైసిస్ గ్రూపులు ఏర్పడాలి, మాక్ డ్రిల్స్ జరగాలి. ఆ మరుసటి ఏడే, 1997 సెప్టెంబర్ 14న, విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై మంటలు చెలరేగాయి. 50 మందికి పైగా చనిపోయారు.

అదే నగర శివార్లలోని ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది మరణించారు. లాక్‌డౌన్‌లో కర్మాగారం ఆగి ఉండగా ట్యాంకులో వేడి పెరిగింది. ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలోనే ఉండటంతో పై పొరల వేడి కనిపించలేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ విచారించి, కర్మాగారంలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఒక్కటీ వాడలేదని తేల్చింది. 1960ల్లో ఆ కర్మాగారం వెలిసినప్పుడు చుట్టూ ఇళ్లు తక్కువ, తర్వాత నగరం దాని గోడల దాకా పెరిగింది. కర్మాగారాన్ని జనావాసాలకు దూరంగా తరలించాలని కమిటీ సిఫార్సు చేసింది.