ఖాళీ గిన్నె తిరిగి పంపరు

సెండాయ్ జపాన్ ఈశాన్య తీరంలోని పెద్ద నగరం, మియాగి ప్రిఫెక్చర్‌కి ముఖ్యపట్టణం. ఇలాంటి జపాన్ నగరాల్లో స్టేషన్ చుట్టుపక్కల సందుల్లో బిస్ట్రో అని బోర్డు పెట్టుకున్న చిన్న ఫ్రెంచ్ హోటళ్ళు కనిపిస్తాయి. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, టై కట్టుకున్న వెయిటర్లు ఉండే రకం కాదు. నల్లబల్ల మీద సుద్దతో రాసిన మెనూ, వంటవాడికి ఎదురుగానే కూర్చునే కౌంటరు, అడిగితే ఫోర్కు బదులు చాప్‌స్టిక్స్. చలికాలంలో సముద్రపు తిండి పెట్టే చోటయితే ఆయిస్టర్లు ఉండి తీరతాయి. మన మాటలో ఆల్చిప్పలు. మనకి ఆల్చిప్ప అనగానే స్వాతి చినుకూ ముత్యమూ గుర్తొస్తాయి గానీ భోజనం గుర్తు రాదు. అక్కడ మాత్రం మంచుముక్కల మీద అరచిప్పల్లో పచ్చివే వస్తాయి. పక్కన నిమ్మచెక్క, ఉల్లితరుగు వేసిన వెనిగర్, రొట్టె, వెన్న, చల్లటి తెల్ల వైను.

ఫ్రాన్స్ తిండిని జపాన్ చక్కగా అనుకరించింది అనిపిస్తుంది, చూడగానే. ఈ పళ్ళెం చరిత్ర అంత సూటిగా లేదు.

ఫ్రెంచ్ వంట జపాన్‌లోకి వచ్చింది పైనుంచి. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్న సంగతి లోకానికి తెలియజేశారు. అదొక రాజకీయ ప్రకటన. పడమటి దేశాలు తమ మీద రుద్దిన ఒప్పందాలను వదిలించుకోవాలంటే, వాళ్ళ బల్ల దగ్గర వాళ్ళకి సమానంగా కూర్చోవడం రావాలి. ఆ కాలపు యూరప్‌లో రాచవిందు అంటే ఫ్రెంచ్ విందే. అలా టోక్యో రాజప్రాసాదంలోనూ అదే మర్యాద అయింది. తర్వాత వంటకాలు మెల్లగా కిందికి దిగాయి. టోక్యో గింజా వీధిలో 1895లో మొదలైన రెంగాతేయ్ లాంటి చోట్ల పడమటి వంటలు అన్నంతో తినడానికి వీలుగా మారిపోయాయి. రొట్టెపొడి అద్ది నూనెలో వేయించిన ఆల్చిప్పలు, కాకి ఫురాయ్, ఆ కోవలోవే. కాకి అంటే జపనీస్‌లో ఆల్చిప్ప. మన కాకి బెంగపడక్కర్లేదు. 1970ల తర్వాత, ఫ్రాన్స్ వంటిళ్ళలో చెమటోడ్చి తిరిగొచ్చిన కుర్రవంటవాళ్ళు సొంతంగా చిన్న హోటళ్ళు పెట్టారు. ఇవాళ్టి బిస్ట్రోలు వాటి పిల్లలు.

ఇదంతా వంట సంగతి. పళ్ళెంలోని ప్రాణి సంగతి వేరు. ఆల్చిప్పలు తినడం జపాన్‌కి ఎవరూ నేర్పలేదు. ఎడో కాలంలోనే హిరోషిమా నుంచి ఆల్చిప్పల పడవలు ఒసాకా కాలవల్లోకి వచ్చి లంగరు వేసేవి. పడవే కొట్టు, పడవే హోటలు. వెనిగర్‌తో తినడమూ వాళ్ళకి పాత అలవాటే. పూలు చూసే రోజులు దాటాక ఆల్చిప్పలు తినొద్దని సామెత కూడా ఉంది. చెర్రీ పూలు రాలాక వేడికి అవి చెడతాయని భయం.

అసలు కథ పెంపకంలో ఉంది. ఒకినావాలో పుట్టిన మియాగి షిన్‌సేయ్ అనే ఆయన (ఇంటిపేరూ ప్రిఫెక్చర్ పేరూ కలవడం కాకతాళీయం) 1920లలో ఇషినోమాకి దగ్గరి మాంగోకు ఉరా అనే ఉప్పుటేరులో ఆల్చిప్పలను తాళ్ళకు వేలాడదీసి పెంచే పద్ధతిని అభివృద్ధి చేశాడు. అడుగున బురదలో కాకుండా నీళ్ళ మధ్యలో వేలాడితే వాటికి మేత బాగా దొరుకుతుంది, అడుగున పాకే శత్రువుల బెడద తగ్గుతుంది. ఆ తీరం పిల్ల ఆల్చిప్పలకు పేరు పొందింది. వరికి నారు ఎలాగో పెంపకానికి అవి అలాగ. ఆ నారు అమెరికా పడమటి తీరానికి ఓడల మీద వెళ్ళింది.

తర్వాత ఫ్రాన్స్‌కి వెళ్ళవలసి వచ్చింది. ఫ్రాన్స్ తీరంలో అనాదిగా ఉన్నది బల్లపరుపు చిప్పల జాతి. తవ్వి తవ్వి అది తరిగిపోతున్న రోజుల్లో, 1868లో, మోర్లెజియాన్ అనే ఓడ తుఫానులో చిక్కుకుని జిరోంద్ నదీముఖంలో ఆగిపోయింది. సరుకు పాడైపోయిందనుకుని పోర్చుగల్ ఆల్చిప్పలను నీళ్ళలో పారబోశారు. బతికున్నవి అక్కడే పెరిగి తీరమంతా అల్లుకున్నాయి. వందేళ్ళు ఫ్రాన్స్ సామాన్యుల ఆల్చిప్ప అదే. పోర్చుగల్‌ది అనుకున్న ఆ జాతి కూడా ఆసియా నుంచే వెళ్ళిందని ఆ తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది!

1960ల చివర్లో దానికి మొప్పల జబ్బు సోకింది. 1970ల మొదట్లో దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. రేవులకు రేవులే బతుకుతెరువు పోగొట్టుకుంటున్న ఆ సమయంలో మియాగి నుంచి వేల టన్నుల నారు మారెన్-ఒలెరాన్, ఆర్కషాన్ తీరాలకు చేరింది. కెనడా పడమటి తీరం నుంచి తల్లి ఆల్చిప్పలు వచ్చాయి. వాటి పూర్వీకులదీ జపానే. ఇవాళ ఫ్రాన్స్‌లో పెంచే ఆల్చిప్పల్లో నూటికి తొంభైకి పైగా ఈ జాతివే. పారిస్‌లో క్రిస్మస్ బల్ల మీద ఫ్రెంచ్ సంప్రదాయమని గర్వంగా పెట్టేది జపాన్ ప్రాణిని.

దీన్ని ఒట్టి ఉపకారగాథగా చెప్పుకుంటే సగం దాచినట్టే. ఆ మొప్పల జబ్బు వైరస్, అంతకు ముందు చాటుమాటుగా తెప్పించుకున్న జపాన్ ఆల్చిప్పలతోనే వచ్చి ఉండొచ్చని శాస్త్రవేత్తల అనుమానం. ఉత్తర సముద్రపు తీరాల్లో ఈ జాతి పిలవని పేరంటంలా పాకి, అక్కడి నత్తగుల్లల చోటు ఆక్రమించింది కూడా. ఇంటి సరిహద్దులు దాటిన ప్రాణి మేలూ కీడూ కలిపే మోసుకెళ్తుంది.

బదులుగా ఫ్రాన్స్ నుంచి ఒక ఆలోచన వచ్చింది. కెసెన్నుమాలో ఆల్చిప్పలు పెంచే హతకెయామా షిగెయత్సు 1984లో ఫ్రాన్స్ వెళ్ళి, లువార్ నదీముఖం ఎంత సజీవంగా ఉందో చూశాడు. ఎగువన ఆకురాల్చే అడవులు ఉండటమే కారణమని ఆయనకు తోచింది. 1989 నుంచి తోటి జాలర్లతో కలిసి, తమ అఖాతంలోకి పారే నది ఎగువ కొండల మీద చెట్లు నాటడం మొదలుపెట్టాడు. సముద్రం మీద బతికేవాళ్ళు కొండెక్కి మొక్కలు నాటడం అప్పట్లో వింతే.

2011 మార్చి 11న సునామీ వచ్చింది. మియాగి తీరంలో తెప్పలు, పడవలు, కొట్టాలు కొట్టుకుపోయాయి. హతకెయామా తల్లి కూడా చనిపోయింది. అప్పుడు ఫ్రాన్స్ నుంచి తాళ్ళు, బోయ్‌లు, పెంపకం సామాన్లు వచ్చాయి. ఆ సాయానికి పెట్టిన పేరు ‘ఫ్రాన్స్ ఒకాయెషి’. ఒకాయెషి అంటే పుచ్చుకున్న కానుకకు తిరిగి ఇచ్చే కానుక. పక్కింటివాళ్ళు కూర పంపిన గిన్నెను మన ఇళ్ళలో ఖాళీగా తిరిగి పంపరు కదా, అలాంటిదే. నలభై ఏళ్ళ తర్వాతైనా ఆ గిన్నె ఎవరిదో ఫ్రాన్స్ రేవులవాళ్ళు మర్చిపోలేదు.

కాబట్టి సెండాయ్ బిస్ట్రో బల్ల మీది పళ్ళెం ఏ దేశానిది? వడ్డించే తీరు ఫ్రాన్స్‌ది, చిప్ప సెండాయ్ అఖాతానిది, సునామీ తర్వాత దాన్ని మళ్ళీ నిలబెట్టిన సామాన్లలో కొన్ని ఫ్రాన్స్‌వి, ఫ్రాన్స్‌లో ఉన్న దాని చుట్టాలు ఇక్కడి నుంచి వెళ్ళినవి. ఏది అసలు, ఏది నకలు అని తిండి విషయంలో మనం తెగ వాదించుకుంటాం. బిర్యానీ నుంచి పులిహోర దాకా అదే గొడవ. ఆల్చిప్ప చరిత్ర చూస్తే ఆ ప్రశ్నే చిన్నదనిపిస్తుంది. ఎవరు ఎవరికి ఏం బాకీ, తీర్చారా లేదా అన్నది పెద్ద ప్రశ్న.

జపాన్‌లో ఆల్చిప్పల పొట్లాల మీద పచ్చిగా తినడానికి, ఉడికించి తినడానికి అని రెండు రకాల చీటీలు ఉంటాయి. చాలామంది అది తాజాదనానికి గుర్తు అనుకుంటారు. నిజానికి అది ప్రధానంగా అవి పెరిగిన నీళ్ళ శుభ్రతకి గుర్తు. ఊళ్ళ మురుగుకి దూరంగా, శుభ్రమైన నీళ్ళలో పెరిగినవే నిమ్మచెక్క పిండుకుని పచ్చిగా తినడానికి పనికొస్తాయి. ఎగువన కొండ మీద, ఊళ్ళో మనుషులు ఎలా బతికారో ఆ చిన్న చీటీ మీద రాసి ఉంటుంది.